ఒలింపిక్ స్వర్ణం లేకున్నా నేను మొదట చెప్పే పేరు రొమాన్‌చుక్

ఒలింపిక్ స్వర్ణం గెలవకపోయినా గొప్పవాడు అనదగిన దూరపు ఈతగాడు ఎవరని అడిగారు. ఉక్రెయిన్‌కు చెందిన మిఖాయిలో రొమాన్‌చుక్. ఈ జవాబుకు నేను క్షణం కూడా తడుముకోను.

విశ్వవిద్యాలయ పోటీల్లో నేను ఈదింది 1500 మీటర్ల ఫ్రీస్టైలే. 50 మీటర్ల కొలనులో 30 ల్యాపులు. వెయ్యి మీటర్లు దాటాక భుజాలు బిగుసుకుపోతాయి, మోచెయ్యి పైకి లేవనంటుంది, కాళ్లు మొరాయిస్తాయి. మలుపు దగ్గర నీళ్లలోకి దించిన బోర్డు మీద అంకె చూస్తే ఇంకా ఎన్నో మిగిలి ఉంటాయి. సరిగ్గా ఆ దశలో పక్క లేనులోని మనిషి వేగం పెంచితే వదలకుండా వెంటపడడం ఎంత కష్టమో ఈదినవారికే తెలుస్తుంది. రొమాన్‌చుక్ ఏళ్ల తరబడి చేసింది అదే.

1996లో రివ్నె నగరంలో పుట్టాడు. 2017 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో 1500 మీటర్లలో ఇటలీ ఈతగాడు పాల్ట్రినియేరి వెనుక రజతం సాధించాడు. అప్పటికి 21 నిండలేదు. 2019లో గ్వాంగ్‌జులో మళ్లీ రజతమే. ఈసారి ముందు నిలిచింది జర్మనీకి చెందిన వెల్‌బ్రాక్. టోక్యో ఒలింపిక్స్‌లో 14 నిమిషాల 40.66 సెకన్లలో ఈదాడు. చివరి 50 మీటర్లలో దూసుకొచ్చిన అమెరికన్ బాబీ ఫింక్ 1.01 సెకన్ల తేడాతో స్వర్ణం పట్టుకుపోయాడు. అదే కొలనులో 800 మీటర్లలో రొమాన్‌చుక్‌కు కాంస్యం కూడా వచ్చింది. పావుగంట పోరాటం తర్వాత ఒక్క సెకను! నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అలాగని బంగారమే లేదనుకోకండి. 2018లో గ్లాస్గోలో 400 మీటర్ల యూరోపియన్ చాంపియన్ అయ్యాడు. 1500 ఈదేవాడు 400 గెలవడం చిన్న విషయం కాదు, దానికి వేరే వేగం కావాలి. అదే ఏడాది హాంగ్‌ఝౌలో 25 మీటర్ల కొలనులో జరిగిన ప్రపంచ పోటీల్లో 1500 స్వర్ణం కూడా అతనిదే.

అయినా నా దృష్టిలో అతని అసలు సంవత్సరం 2022. ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలైంది. తండ్రి యుద్ధరంగంలో ఉన్నాడు. సొంత దేశంలో సాధన సాగే పరిస్థితి లేదు. అప్పుడు తన దగ్గరకు రమ్మని పిలిచింది ప్రత్యర్థి వెల్‌బ్రాకే. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఇద్దరూ కలిసి సాధన చేశారు. ఇంటి నుంచి ఏ కబురు వస్తుందోనన్న దిగులుతో రోజూ కిలోమీటర్ల కొద్దీ ఈదడాన్ని ఊహించుకోండి. ఆ వేసవిలో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో 800 మీటర్లలో కాంస్యం, బయటి నీళ్లలో 5 కిలోమీటర్ల ఈతలో మరో కాంస్యం తెచ్చాడు. ఈ రెండింటిలోనూ వెల్‌బ్రాక్ అతని కంటే ముందే ఉన్నాడు. ఆగస్టులో రోమ్‌లో మాత్రం 1500 మీటర్ల యూరోపియన్ స్వర్ణం రొమాన్‌చుక్ గెలిచాడు.

అతని ఈత చూడాలనిపిస్తే టోక్యో 1500 ఫైనల్‌తో మొదలుపెట్టండి. చాలామంది ఫింక్ ముగింపు కోసం చివరి ల్యాపు మాత్రమే చూస్తారు. మీరు వెయ్యి మీటర్ల దగ్గర నుంచి చూడండి.