పెద్ద దెబ్బ తిన్నాక మైండ్‌ఫుల్‌నెస్‌తో మనసు నిజంగా బాగుపడుతుందా? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఇంత పెద్ద దెబ్బ తిన్నాక మళ్ళీ సంతోషంగా ఉండగలనా, ధ్యానానికి కూర్చుంటే ఏడుపు ఇంకా ఎక్కువవుతోంది, నేనేమైనా తప్పుగా చేస్తున్నానా అని. ఉండగలరు. మీరు తప్పుగా ఏమీ చేయడం లేదు. అయితే మైండ్‌ఫుల్‌నెస్ వల్ల, అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని తప్పొప్పులు ఎంచకుండా గమనించడం వల్ల, నాకు జరిగిన మేలు నేను మొదట ఆశించిన మేలు కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం మా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. తనకి 42 ఏళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. నేను మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడదాంలే అని సైలెంట్‌లో పెట్టేశాను. సాయంత్రం వదిన ఫోన్ చేసింది. అన్నయ్య ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ మిస్డ్ కాల్‌ని ఏడాదిన్నర పాటు మోశాను. రాత్రి రెండున్నరకో మూడింటికో మెలకువ వచ్చేది. ఫోన్ తీసి ఆ రోజు కాల్ లిస్టు చూసేవాణ్ణి. ఎర్ర రంగులో అన్నయ్య పేరు, పక్కన 1:52. ఫోన్ మారిస్తే అది పోతుందేమోనని స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. ఎత్తి ఉంటే గొంతులో తేడా పట్టేవాణ్ణి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళమనేవాణ్ణి, తను బతికేవాడు. తెల్లారేదాకా ఇదే. పగలు పని చేసుకునేవాణ్ణి, ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పేవాణ్ణి. లోపల మాత్రం టైమ్ ఎప్పుడూ 1:52 దగ్గరే ఆగి ఉండేది.

నిద్ర లేక మనిషిని సగమయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. కొన్నాళ్ళు మందులు వాడాను, ఒక కౌన్సెలర్‌తో మాట్లాడాను. మైండ్‌ఫుల్‌నెస్ ఒక్కటే నన్ను నిలబెట్టిందని రాస్తే అబద్ధం అవుతుంది.

ఆ కౌన్సెలరే రోజూ ఐదు నిమిషాలు ఊపిరి గమనించమన్నారు. రెండో నిమిషానికే ఛాతీ బిగుసుకుపోయేది. అన్నయ్య పోయింది గుండెతోనే కదా, ధ్యాస ఛాతీ దగ్గరికి వెళ్ళగానే అదే గుర్తొచ్చేది. మీలాగే నేనూ ఇది నాకు పడదని వదిలేశాను. ఆ సంగతి చెబితే ఆవిడ, "ఊపిరి జోలికి వెళ్ళకండి. కళ్ళు తెరిచే ఉంచండి. పాదాలు నేలకి ఆని ఉన్నాయి కదా, అక్కడే ఉండండి" అన్నారు.

ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. పెద్ద దెబ్బ తిన్నవాళ్ళని కళ్ళు మూసుకుని లోపలికి చూడమంటే బాధంతా ఒక్కసారిగా మీద పడొచ్చు. ధ్యానంలో కొంతమందికి ఆందోళన పెరుగుతుందని, పాత జ్ఞాపకాలు తన్నుకొస్తాయని పరిశోధకులు కూడా గమనించారు. అది మీ చేతకానితనం అనుకోకండి. ధ్యాస నిలిపే చోటు మార్చి చూడండి. పాదాలు, చేతిలో పట్టుకున్న వస్తువు, బయట నుంచి వచ్చే చప్పుడు, ఏదైనా పనికొస్తుంది. మరీ ఎక్కువైతే ఆపేయండి. రేపు మళ్ళీ చూసుకోవచ్చు.

నాకు కుదిరింది గిన్నెలు కడగడం. కుళాయి తిప్పగానే నీళ్ళు మణికట్టు మీద చల్లగా పడేవి. నురగలో గాజు గ్లాసు జారిపోతుంటే వేళ్ళు వాటంతటవే బిగుసుకునేవి. జిడ్డు వదిలాక అంచు మీద బొటనవేలు తిప్పితే కిర్రుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ణి. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మనసు మళ్ళీ 1:52 దగ్గర ఉండేది. అదిగో వెళ్ళిపోయింది అనుకుని, తిట్టుకోకుండా, మళ్ళీ వేళ్ళ దగ్గరికి తెచ్చుకునేవాణ్ణి. ఒక్కోరాత్రి ఇరవైసార్లు వెళ్ళేది, ఇరవైసార్లు తెచ్చుకునేవాణ్ణి. మొదటి నెలంతా ఏ మార్పూ కనిపించలేదు.

దీని వెనకాల ఏముందో ఆ రోజుల్లోనే చదివాను. మూలం బౌద్ధంలో ఉంది. పాళీలో దీన్ని 'సతి' అంటారు, మనకి తెలిసిన 'స్మృతి' అన్న మాటే అది. నాకు ఆ మాట బాగా నచ్చింది: ఇప్పుడు ఎక్కడున్నానో గుర్తుంచుకోవడం. వైద్యంలోకి ఇది వచ్చింది 1979లో, జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఎడతెగని నొప్పులతో వచ్చే రోగులకి నేర్పడం మొదలుపెట్టినప్పుడు. ఎనిమిది వారాల శిక్షణ అది. తర్వాత సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని డిప్రెషన్ తిరగబెట్టకుండా ఆపడానికి వీలుగా మలిచారు. అందులో ముఖ్యంగా నేర్పేది, వచ్చిన ఆలోచనని ఆలోచనగా చూడడం. 'ఎత్తి ఉంటే బతికేవాడు' అన్నది నాకు అప్పటిదాకా జరిగిపోయిన నిజంలా ఉండేది. అది నా ఆలోచన మాత్రమేనని తెలియడానికి నాకు నెలలు పట్టింది.

కౌన్సెలర్ ఇంకో పని కూడా చెప్పారు. లోపల ఏదైనా లేచినప్పుడు దానికి పేరు పెట్టమన్నారు. ఇది కోపం, ఇది భయం, అలా. భావాన్ని మాటల్లో పెట్టినప్పుడు మెదడులో అలారంలా పనిచేసే అమిగ్డాలా కాస్త నెమ్మదిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చూపించింది. నేను రోజూ 'ఇది తప్పు చేశానన్న బాధ' అనే పేరు పెట్టేవాణ్ణి. ఒక రాత్రి ఆ పేరు అతకలేదు. గొంతు దగ్గర ఉన్నదాన్ని ఇంకాసేపు చూస్తే, అది బెంగ. అన్నయ్య కావాలన్న బెంగ, అంతే. తప్పు నాదే అనుకున్నన్నాళ్ళూ, నేనేదో చేసి ఉంటే ఆపగలిగేవాణ్ణన్న ఆశ ఎక్కడో మిగిలి ఉంది. ఆ తప్పుని వదిలేస్తే అన్నయ్య లేడన్నది ఒక్కటే మిగులుతుంది. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. తర్వాత నిద్రపట్టింది, తెల్లారేదాకా.

ఇక సంతోషం సంగతి. అన్నయ్య కూతురికి అప్పుడు ఆరేళ్ళు. ఒకరోజు వాళ్ళ నాన్న కళ్ళజోడు పెట్టుకుని, అది ముక్కు మీదికి జారుతుంటే తల వెనక్కి వాల్చి, చేతులు వెనక కట్టుకుని అచ్చం అన్నయ్యలా నడిచింది. "బాబాయ్, నేనెవరో చెప్పు?" అంది. వదిన, నేను గట్టిగా నవ్వేశాం. నవ్విన మరుక్షణం కడుపులో ఏదో లాగింది, నువ్వెలా నవ్వుతున్నావురా అని. అంతకుముందైతే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు అది వచ్చిందని చూశాను. నవ్వూ ఉంది, అదీ ఉంది. రెండింటినీ ఉండనిచ్చి అక్కడే కూర్చున్నాను. పాప ఇంకో రెండుసార్లు నడిచి చూపించింది.

అప్పుడు తెలిసింది, సంతోషం అంతకుముందు కూడా వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ నేనే గుమ్మం దగ్గర నుంచి వెనక్కి పంపేస్తున్నాను.

అరగంట కూర్చోవాలన్న పట్టుదల మానేయండి. ఎలాగూ రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి, అందులో రెండు నిమిషాలు చాలు. గుండె దడగా ఉంటే ఊపిరి తీసుకోవడం కన్నా వదలడం నిదానంగా చేయండి, దడ కాస్త తగ్గుతుంది. కానీ నిద్ర, తిండి పోయి వారాలు గడుస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా ఇవన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆ ఆలోచన వచ్చిన రాత్రే మీవాళ్ళలో ఒకరిని లేపి చెప్పండి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఆ స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఇంకా ఉంది. తీసేయాలని అనిపించలేదు. అప్పుడప్పుడు రాత్రి మెలకువ వస్తూనే ఉంటుంది. మంచం అంచున కూర్చుని పాదాలు నేలకి ఆనిస్తాను, చల్లగా తగులుతుంది, కాసేపయ్యాక పడుకుంటాను. మీకు ఏ సమయంలో ఏడుపు ఎక్కువగా వస్తోందో, ఏ పని చేస్తుంటే కాస్త తెరిపిగా ఉంటోందో కింద రాయండి. అక్కడి నుంచి మొదలుపెట్టి చూద్దాం.