అడగండి చెప్తాం: ఆఫీసు పని మీద వెళ్లి ఫ్రీగా ప్రివ్యూ చూడొచ్చా?

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో ఇంటి నుంచే ఒక బెంగళూరు కంపెనీకి పని చేస్తున్నా. వచ్చే నెల ఆఫీసు పని మీద నన్ను లాస్ ఏంజెలెస్ పంపిస్తున్నారు. అక్కడ ఇంకా రిలీజ్ కాని హాలీవుడ్ సినిమాలు ఫ్రీగా చూపిస్తారని స్నేహితుడు చెప్పాడు. నిజమేనా, ఎలా వెళ్లాలి? కంపెనీ ఖర్చుతో పోయి సినిమాలు చూడటం తప్పురా అని మా నాన్న అంటున్నారు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు నాన్నగారి మాట. పని ముగిశాక సాయంత్రం మీది తమ్ముడూ, దాన్ని హోటల్ గదిలో గడిపినా సినిమా హాల్లో గడిపినా కంపెనీకి పోయేదేమీ లేదు. కాకపోతే థియేటర్‌కి వెళ్లిన క్యాబ్ డబ్బులు ఆఫీసు బిల్లులో కలపొద్దు. క్లయింట్ భోజనానికి పిలిచిన రోజు సినిమాని పక్కన పెట్టేయండి. అక్కడ సాయంత్రం ఏడంటే మనకి మర్నాడు పొద్దున ఏడున్నర, చలికాలంలో అయితే ఎనిమిదున్నర, అంటే ఇక్కడి టీమ్ లేచి మెసేజ్‌లు మొదలుపెట్టే వేళ. చాలా ప్రివ్యూల్లో ఫోన్ తీయనివ్వరు, కొన్నిచోట్ల గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. కాబట్టి ఆ రెండున్నర గంటలు దొరకనని మేనేజర్‌కి ముందే చెప్పండి. ఇవి పాటిస్తే నాన్నగారికి ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక, మీ స్నేహితుడు చెప్పింది నిజమే. ఇందులో రెండు రకాలున్నాయి, చాలామంది కలిపేసుకుంటారు. మొదటిది ప్రచారం కోసం వేసే షో. సినిమా పూర్తయిపోయి ఉంటుంది, రిలీజ్‌కి కొద్ది రోజుల ముందు జనానికి చూపిస్తే బయటికొచ్చి నలుగురికీ చెప్తారని స్టూడియోల ఆశ. గోఫోబో లాంటి వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకుంటే పాస్ వస్తుంది, ఎక్కువగా ఇద్దరికి. అయితే పాస్ చేతికొచ్చిందంటే సీటు దొరికినట్టు కాదు. హాలు ఖాళీగా కనబడకూడదని సీట్ల కంటే ఎక్కువ పాసులు ఇస్తారు, ముందొచ్చినవాళ్లకే సీటు, మిగతావాళ్లని మర్యాదగా వెనక్కి పంపేస్తారు. ప్రెస్ వాళ్లకని కొన్ని వరసలు అట్టిపెడతారు కూడా. సప్తగిరి సర్కిల్ నుంచి బండేసుకుని షోకి పది నిమిషాల ముందు చేరే మన అలవాటు అక్కడ పనికిరాదు, కనీసం గంట ముందు లైన్లో ఉండాలి, పెద్ద సినిమా అయితే ఇంకా ముందే.

రెండోది టెస్ట్ స్క్రీనింగ్. నా మటుకు నాకు అసలైనది ఇదే, లాస్ ఏంజెలెస్ దాకా వెళ్తున్నవాళ్లు వీలైతే దీన్ని వదలొద్దు. సినిమా ఇంకా ఎడిటింగ్‌లోనే ఉంటుంది. ఒక్కోసారి గ్రాఫిక్స్ పూర్తికావు, నటుల వెనక పచ్చ తెర అలాగే కనబడుతుంది, సంగీతం వేరే సినిమాది తాత్కాలికంగా తగిలించి ఉంటారు. బర్బ్యాంక్, సెంచరీ సిటీ లాంటి చోట్ల మాల్స్, థియేటర్ల దగ్గర మనుషులు నిలబడి, మీ వయసెంత, ఈమధ్య ఏం సినిమాలు చూశారు, ఏం పని చేస్తారు అని అడిగి పిలుస్తారు. చాలాసార్లు సినిమా పేరు కూడా చెప్పరు, ఫలానా తరహా సినిమా అంటారంతే. సినిమా రంగంలో, మీడియాలో, మార్కెట్ రీసెర్చ్‌లో పనిచేసేవాళ్లని రానివ్వరు. మీకు సినిమా యూట్యూబ్ ఛానల్ లాంటిది ఉంటే దాచకుండా చెప్పేయండి, వద్దంటే వచ్చేయండి. చూసింది బయట చెప్పనని సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకానికి విలువివ్వండి, అనంతపురం స్నేహితుల వాట్సాప్ గ్రూపులో కథ చెప్పినా అది మాట తప్పడమే.

సినిమా అయ్యాక ఒక ఫారం ఇస్తారు. ఎలా ఉంది, ఎక్కడ బోర్ కొట్టింది, ఏ పాత్ర నచ్చలేదు, వేరేవాళ్లని చూడమని చెప్తారా అని. కొంతమందిని ఆపి విడిగా మాట్లాడిస్తారు కూడా. దయచేసి ఆ ఫారాన్ని హడావిడిగా నింపి లేచిపోకండి. ఆ కాగితాలకి ఎంత బలముందంటే, 1987లో వచ్చిన ఫేటల్ అట్రాక్షన్ క్లైమాక్స్ ఇలాంటి షోల్లో జనానికి నచ్చకపోవడంతో మార్చి మళ్లీ తీశారు. మన దగ్గర బెనిఫిట్ షో అంటే ఎక్కువ డబ్బు పెట్టి తెల్లవారుజామున చూసేది, అప్పటికి సినిమాలో మార్చడానికి ఏమీ మిగలదు. అక్కడ మామూలు ప్రేక్షకుడి మాటకి ఎడిటింగ్ టేబుల్ దగ్గర చోటుంటుంది. మన తెలుగు నిర్మాతలు కూడా ఇలా ఊరికి దూరంగా కూర్చున్న ప్రేక్షకుల్ని రిలీజ్‌కి ముందే అడిగితే ఎంత బాగుండునో!

కారు లేకపోతే హాలీవుడ్, యూనివర్సల్ సిటీ వైపు మెట్రో బి లైన్ ఉంది. తిరుగు ప్రయాణం ఎలాగో మాత్రం వెళ్లేముందే చూసుకోండి.

ప్రశ్న: విత్తనాల కంపెనీలో పని, మీటింగులకి కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్తుంటా. తెలిసినాయన ప్రివ్యూకి పిలిచాడు. టైటిల్ పడేటప్పుడు చిన్న వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంటే ఏమన్నా అవుతుందా?
– మరో పాఠకుడు, కర్నూలు

జవాబు: అవుతుందన్నా, చాలా అవుతుంది. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించారు. అనుమతి లేకుండా సినిమాని రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా 3 లక్షల రూపాయల నుంచి మొదలై నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. చిన్న ముక్కే కదా అనుకోవద్దు. ఇంకా రిలీజ్ కాని సినిమాలోంచి ముక్క బయటికొస్తే ముందుగా అడిగేది మిమ్మల్ని పిలిచిన ఆయన్నే. ప్రివ్యూ థియేటర్లో కూర్చునేది కొద్దిమందే కాబట్టి ఎవరు తీశారో తేలడం కూడా కష్టం కాదు. ఫోటో కావాలంటే బయట గేటు దగ్గర దిగండి.

పిలుపు ప్రివ్యూకా, ప్రీమియర్‌కా అన్నది కూడా కనుక్కోండి. ప్రీమియర్ అంటే టికెట్టు కొన్న జనం, హీరో వస్తాడంటే ఇంకా జనం. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. పని మీద ఊరుగాని ఊరు వెళ్లినవాళ్లు, అందులోనూ ఒంటరిగా, అలాంటి చోటికి పోవద్దనే చెప్తాను.

ప్రశ్న: ఫ్రీ ప్రివ్యూ పాసు, రిజిస్ట్రేషన్‌కి రెండు వందలు ఫోన్‌పే చేయమంటున్నారు. చేయనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: చేయొద్దమ్మా. ప్రివ్యూకి నిజంగా పిలిచేవాళ్లు డబ్బు అడగరు, ఓటీపీ అడగరు. ఆ నంబర్ బ్లాక్ చేయండి, ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.