బెంచీల సంగతి తర్వాత, ముందు వీధి మూల చూడండి

ఆఫీసులు, బ్యాంకులు, దుకాణాలతో కిక్కిరిసిన వ్యాపార ప్రాంతంలో వీధులను కొత్తగా తీర్చిదిద్దుతున్నారని, చెట్లు, దీపస్తంభాలు, బెంచీలు, రాతి పలకలు అన్నీ ప్రణాళికలో ఉన్నాయని రాశారు. నడిచేవాళ్ల భద్రత కోసం పౌరులు ముందుగా దేనికి పట్టుబట్టాలని అడిగారు.

వీధి మూల కోసం పట్టుబట్టండి. రెండు వీధులు కలిసేచోట, కాలిబాట ముగిసి మనిషి రోడ్డు మీద కాలు మోపే ఆ నాలుగు అడుగుల చోటు కోసం. బెంచీ లేకపోతే కాళ్లు నొప్పి పుడతాయి. మూల సరిగ్గా లేకపోతే ప్రాణం పోతుంది. అలాంటి కూడలి పక్కనే పదకొండేళ్లు ఉద్యోగం చేసి, రోజుకు కనీసం రెండుసార్లు ఆ రోడ్డు దాటిన అనుభవంతో చెబుతున్నాను.

మా వీధిని కూడా ఇలాగే ముస్తాబు చేశారు. ఎనిమిది నెలలు తవ్వారు. ఆ ఎనిమిది నెలలూ గుంతల పక్కన, చెక్కల మీద, కట్టిన తాళ్ల కింద వంగి నడిచాం. వాహనాలకు మొదటి రోజే దారి మళ్లింపు బోర్డులు వచ్చాయి. నడిచేవాళ్లకు ఒక తాత్కాలిక దారి వేయాలన్న ఆలోచన మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అడ్డుతెరలు తీసిన రోజున మాత్రం అందరం ఆగి చూశాం. బూడిదరంగు రాతి పలకలు, నల్లని దీపస్తంభాలు, నడుము ఎత్తున్న రాతి కుండీలు, వాటిలో మొక్కలు. జనం ఫొటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

మా ఆఫీసులో పద్దుల విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకు చూపు లేదు. తెల్లకర్రతో ఒంటరిగా బస్టాపుకు నడిచి వెళ్లడం ఆయనకు ఇరవై ఏళ్ల అలవాటు. వీధి తెరిచిన వారానికి సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ రోజు నాతో బస్టాపు దాకా వస్తావా? వీధి మారిపోయింది. ఒకసారి నేర్చుకోవాలి" అన్నారు.

దారిలో చెప్పారు. పాత వీధి మొత్తం ఆయనకు కంఠస్థమట. ఎక్కడ రాయి ఊగుతుందో, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుందో, ఏ తలుపు దగ్గర చల్లగాలి మొహానికి కొడుతుందో, ఆ గుర్తులతోనే నడిచేవారు. ఇప్పుడు నేలంతా ఒకేలా నున్నగా ఉంది. అయినా ఆయన ఉత్సాహంగానే ఉన్నారు, ఎందుకంటే కాలిబాట పొడవునా పసుపురంగు పలకలు పరిచారని ఎవరో చెప్పారు. ఆ పలకలకు ఒక భాష ఉంది. పొడుగు గీతలు ఉబ్బి ఉంటే 'ఇటు నడువు' అని, గుండ్రని గుబ్బలు ఉంటే 'ఇక్కడ ఆగు' అని. వాటిని 1965లో జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన తయారుచేశారు. 1967లో ఒకాయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. ఇదంతా ఆ సాయంత్రం ఆయన చెప్పగా తెలిసిందే. అప్పటిదాకా అవి అలంకారమే అనుకున్నాను.

గీతల మీద కర్ర ఆనించి ఆయన నాకంటే వేగంగా నడిచారు. ముప్పై అడుగులు వెళ్లామో లేదో, మోకాలు రాతి కుండీకి కొట్టుకుంది. పసుపు గీతలు నేరుగా కుండీ కిందికి వెళ్లి, అవతలి వైపు బయటికి వచ్చాయి. పలకలు వేసినవాళ్లు ఒకరు, కుండీలు పెట్టినవాళ్లు మరొకరు అయి ఉంటారు. ఆయన ఏమీ అనలేదు. మోకాలు తడుముకుని, కుండీ చుట్టూ తిరిగి మళ్లీ గీత పట్టుకున్నారు.

తర్వాత మూల వచ్చింది. చక్రాల కుర్చీలకు వీలుగా ఉండాలని అక్కడ కాలిబాట అంచును రోడ్డుతో సమానంగా దించేశారు. మంచి పనే. కానీ అంచు దించినచోట గుబ్బల పలకలు వేయాలి, లేకపోతే కాలిబాట ఎక్కడ ముగిసిందో కాలికి తెలియదు. వాళ్లు ఆఖరి అంగుళం దాకా పొడుగు గీతలే వేశారు. నడువు, నడువు అంటూ ఆ గీతలు ఆయనను రోడ్డు మీదికి తీసుకెళ్లాయి.

పైగా ఆ మూలను వెడల్పుగా, గుండ్రంగా కోశారు, వాహనాలు ఆగకుండా సాఫీగా తిరగాలని. ఒక కారు ఆ వంపులో వేగం ఏమాత్రం తగ్గించకుండా తిరిగింది. నేను ఆయన చొక్కా వెనుక పట్టుకుని లాగాను. కర్ర మాత్రం చక్రం కింద పడింది. అది విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ కారు ఆగలేదు.

ఆయన మొదట అడిగింది కారు గురించి కాదు. "అక్కడ గుబ్బలు లేవా?" అన్నారు. లేవన్నాను. నమ్మలేక, వంగి అరచేత్తో ఆ రాతిని తడిమి చూశారు. "పలక వేసినవాడికి దాని భాష తెలియదమ్మా" అన్నారు. నా చేయి పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఆ చేయి వణుకుతోంది. నాదో ఆయనదో చెప్పలేను.

దాటడం కూడా సగంలోనే ఆగిపోయింది. సిగ్నల్‌లో నడిచేవాళ్లకు దారిచ్చే పచ్చబొమ్మ వెలిగిన పన్నెండో సెకనుకు ఆరిపోయింది, మేము రోడ్డు మధ్యలో ఉన్నాం. మర్నాడు పొద్దున్నే కొలిచే టేపు తీసుకెళ్లి చూశాను. ఆ రోడ్డు వెడల్పు 18 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్ల నడక అని లెక్కవేయడం ఇంజనీర్లకు పాత అలవాటు. ఆ లెక్కన కూడా 15 సెకన్లు కావాలి. అంత వేగంగా నడిచేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. అమెరికా 2009లో తన సిగ్నళ్ల ప్రమాణాన్ని సెకనుకు 3.5 అడుగులకు, అంటే దాదాపు 1.07 మీటర్లకు తగ్గించింది. కర్రతో నడిచేవారు, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి సెకనుకు 0.8 మీటర్లు నడుస్తారనుకుంటే మా రోడ్డుకు 22 సెకన్లకు పైగా పట్టాలి. ఇచ్చింది 12. ఈ లెక్క వేయడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు, టేపు, చేతిగడియారం ఉంటే చాలు. మీరూ వెళ్లి కొలవండి.

అందుకే మూల అంటున్నాను. మూల వంపు ఎంత పెద్దదైతే వాహనం అంత వేగంగా తిరుగుతుంది. వంపును బిగిస్తే, అంటే చిన్నది చేస్తే, డ్రైవరు మంచివాడైనా కాకపోయినా బ్రేకు వేయక తప్పదు. నగర వీధుల మూలల వంపుకు మూడు నుంచి నాలుగున్నర మీటర్ల వ్యాసార్థం చాలని అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో చెబుతుంది. మా మూల దానికి మూడింతలకు తక్కువ ఉండదు. వేగం ఎంత ముఖ్యమో బ్రిటన్ డ్రైవర్లకు నేర్పే అంకెల్లోనే ఉంది. గంటకు 32 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి 12 మీటర్లు పడుతుంది. 48 కిలోమీటర్లకు 23 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం దాదాపు రెట్టింపు. ఆ తేడా 11 మీటర్లలోనే ఒక మనిషి నిలబడి ఉంటాడు.

మూల దగ్గర పార్కింగ్ కూడా అంతే హానికరం. చివరి బండిని మలుపు దాకా ఆనించి పెడితే, నడిచేవాడు దాని వెనుక నుంచి తల బయటపెట్టి తొంగి చూడాలి. డ్రైవరుకు ఆ తల చివరి క్షణందాకా కనిపించదు. అమెరికాలో హోబోకెన్ అనే చిన్న, ఇరుకైన నగరం ఉంది. అక్కడ కూడళ్ల దగ్గర పార్కింగ్ తీసేసి చూపుకు అడ్డులేకుండా చేశారు. ఇతర మార్పులూ చేశారు, కానీ నా దృష్టిలో అసలు కారణం ఇదే. 2017 నుంచి వరుసగా ఏడేళ్లు ఆ నగర వీధుల్లో ఒక్క రోడ్డు మరణం కూడా జరగలేదు. తీసేసిన చోట మళ్లీ బండ్లు ఎక్కకుండా సైకిల్ స్టాండో, మొక్కల మడో పెట్టాలి. మొక్క మోకాలి ఎత్తు దాటకూడదు. మా వీధిలో లాగా నడుము ఎత్తు కుండీ మీద పొద పెంచితే చిన్నపిల్ల దాని వెనుక పూర్తిగా దాగిపోతుంది.

సిగ్నల్ విషయంలో ఒక చిన్న కోరిక కోరండి. నడిచేవాళ్లకు పచ్చబొమ్మ వెలిగిన మూడు నుంచి ఏడు సెకన్ల తర్వాతే వాహనాలకు పచ్చదీపం ఇవ్వమనండి. ఆ లోపు మనుషులు రోడ్డు మధ్యకు చేరి, తిరగబోయే డ్రైవరుకు ఎదురుగా కనిపిస్తారు. కంప్యూటర్‌లో సమయం మార్చడమే తప్ప దీనికి తవ్వకాలు అక్కర్లేదు. ఇంత తేలికైన పనిని ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వీలైతే జీబ్రా గీతలనే కాలిబాట ఎత్తుకు లేపమనండి. అప్పుడు మనిషి దిగనక్కర్లేదు, వాహనమే ఎక్కి దిగాలి. కొత్త ఆలోచనేమీ కాదు. ఇటలీలో రెండువేల ఏళ్ల కిందటి పాంపేయి నగర వీధుల్లో కాలిబాట ఎత్తున దాటురాళ్లు ఈనాటికీ ఉన్నాయి. బండిచక్రాలు పోవడానికి మధ్యలో సందులు వదిలారు. బండి నెమ్మదించి ఆ సందుల్లోంచి వెళ్లాలి, మనిషి కాలు తడవకుండా దాటాలి. అయితే ఎత్తు సమానం చేసినచోట గుబ్బల పలకలు తప్పనిసరి. ఎందుకో మీకు ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

మీ ప్రణాళికలో పాదచారుల వంతెన ఉంటే గట్టిగా వ్యతిరేకించండి. వ్యాపార ప్రాంతంలో వంతెన కట్టడమంటే రోడ్డును వాహనాలకు రాసిచ్చి మనుషులను మెట్లెక్కించడమే. పద్దెనిమిది మీటర్లు దాటాల్సినవాడు అన్ని మెట్లు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, బరువు మోసేవాళ్లు ఎక్కలేరు, కిందినుంచే దాటుతారు. అప్పుడు 'వంతెన ఉన్నా వాడలేదు' అని చనిపోయినవాళ్ల మీదే తప్పు మోపుతారు. ప్రమాద వార్తల్లో 'రోడ్డు దాటుతుండగా' అన్న మాట చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. రోడ్డు దాటడం నేరమా? అక్కడ దాటడానికి ఎన్ని సెకన్లు ఇచ్చారో ఒక్క వార్తలోనైనా రాస్తారా?

నున్నటి రాతి పలకల గురించీ ఒక మాట. ఎండలో మెరుస్తాయి, ఫొటోలో బాగుంటాయి, వానపడితే జారతాయి. మా ఆఫీసులో ఒక్క వానాకాలంలో ముగ్గురు పడ్డారు, ఒకరికి మణికట్టు విరిగింది. నమూనా పలకను నీళ్లు పోసి తొక్కి చూశాకే ఒప్పుకోండి.

దుకాణదారులు అడ్డుపడతారు. పార్కింగ్ పోతే వ్యాపారం పోతుందంటారు. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, అది వాళ్ల బతుకు. కానీ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ అనే ప్రధాన వ్యాపార వీధిని 1962లో మనుషులకే వదిలేసినప్పుడు కూడా అక్కడి వ్యాపారులు ఇదే భయపడ్డారు. నేడు అది ఆ నగరంలో అత్యంత రద్దీగా ఉండే దుకాణాల వీధి. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ కూడలి దగ్గర బ్రాడ్‌వే అనే రోడ్డును 2009లో వాహనాలకు మూసినప్పుడు రవాణా శాఖ కమిషనర్ జానెట్ సాదిక్ ఖాన్ మొదట శాశ్వత నిర్మాణాలేవీ చేయించలేదు. అడ్డంగా డ్రమ్ములు పెట్టించి, మామూలు మడత కుర్చీలు వేయించి ప్రయోగంగా చూశారు. అక్కడ పాదచారుల గాయాలు 35 శాతం తగ్గాయని ఆ శాఖ తర్వాత ప్రకటించింది. రాతి కట్టడం ఆ తర్వాతే వచ్చింది. మీవాళ్లనూ అలాగే చేయమనండి. మూలను ముందు రంగు, ప్లాస్టిక్ స్తంభాలతో బిగించి, మూడు నెలలు చూసి, ఆ తర్వాత రాయి వేయమనండి. తప్పు ఉంటే రంగు చెరిపేయవచ్చు. మా వీధిలో రాయి ముందు వేశారు కాబట్టే దాన్ని మార్చడానికి రెండేళ్లు పట్టింది.

అవును, మార్చారు. ఆ పెద్దాయన, నేను, మరికొందరం కలిసి పదిహేడు అర్జీలు పెట్టాక. ఒక యువ అధికారి వచ్చినప్పుడు పెద్దాయన ఆ యువకుడి కళ్లకు చేతిరుమాలు కట్టి, చేతిలో తన కర్ర పెట్టి, "నడువు నాయనా" అన్నారు. ఆ యువకుడు మూల దగ్గర రోడ్డు మీదికి రెండడుగులు వేశాక నేను ఆపాను. నెల తిరగకుండా గుబ్బల పలకలు వచ్చాయి, కుండీ పక్కకు జరిగింది. పచ్చబొమ్మ ఇప్పుడు 20 సెకన్లు వెలుగుతుంది. వంపు మాత్రం ఇంకా అలాగే ఉంది, కార్లు ఇంకా అదే వేగంతో తిరుగుతున్నాయి. దాని మీద పద్దెనిమిదో అర్జీ నడుస్తోంది.

మీ దగ్గర ఇంకా రాయి పడలేదంటున్నారు కాబట్టి సమయం ఉంది. ఈసారి సమావేశంలో ప్రణాళిక పటం చూపించినప్పుడు, మూలల దగ్గర వ్యాసార్థం ఎన్ని మీటర్లని రాశారో, గుబ్బల పలకలు ఎక్కడ గీశారో వేలుపెట్టి చూపించమని అడగండి. వెళ్లేటప్పుడు చూపులేనివారిని ఒకరిని, చక్రాల కుర్చీ వాడేవారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.