ఎంఎస్ ఉన్న ఉద్యోగి: వైకల్య ధ్రువపత్రం 30 శాతం దగ్గర ఆగిపోతే?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్నాను. నాలుగేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ అనే నాడీ జబ్బు) అని తేలింది. కుడి కాలు పట్టు తప్పుతుంది. ఎడమ కన్ను మసక. మధ్యాహ్నానికి నిలబడే ఓపిక ఉండదు. మెడికల్ బోర్డుకు వెళ్తే ఎముకల డాక్టరు గారు నాలుగడుగులు నడిపించి చూసి 30 శాతం రాశారు. ఆ రోజు కాస్త బాగానే నడిచాను. 40 లేకపోతే ఏ ప్రయోజనమూ రాదంటున్నారు. హెచ్‌ఎం గారేమో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు, వీఆర్ఎస్ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతావన్నీ నెల ఆలస్యమైనా సరిదిద్దుకోవచ్చు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం చాలా కష్టం.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 20(4) సరిగ్గా మీలాంటి వారి కోసమే ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టులో పని చేయలేకపోతే అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే, సరిపడేది దొరికేదాకా లేదా పదవీ విరమణ దాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే అదనంగా సృష్టించిన పోస్టులో ఉంచాలి. మీ అంతట మీరు వీఆర్ఎస్ రాసిస్తే మిమ్మల్ని ఎవరూ తొలగించలేదని వాదిస్తారు, అప్పుడు ఈ రక్షణ మీ చేయి జారిపోయే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి కూడా చూడండి. ఈ సెక్షన్‌లో 40 శాతం అన్న మాటే లేదు. ఉద్యోగంలో తగిన వెసులుబాట్లు కల్పించాలన్న సెక్షన్ 20(2)లోనూ లేదు. 40 శాతానికి తక్కువ ఉన్నవారికీ వెసులుబాటు హక్కు ఉంటుందని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి 40 లేకపోతే ఏదీ రాదన్న మాట తప్పు. రిజర్వేషన్, పన్ను మినహాయింపు, పింఛను లాంటి వాటికే ఆ గీత.

ఇక ఆ 30 శాతం గురించి. 1995 నాటి పాత చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఎంఎస్ లేదు. 2016 చట్టం 21 రకాలను చేర్చింది, దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి చెప్పింది. అయితే జబ్బు పేరుకు శాతం రాదు. ఆ జబ్బు వల్ల కాలు, చెయ్యి, కన్ను, మూత్రాశయం, జ్ఞాపకశక్తి ఎంత దెబ్బతిన్నాయన్నదాన్ని బట్టి వస్తుంది. మీ విషయంలో కాలు ఒక్కటే చూశారు, కన్ను చూడలేదు. అసలు లోపం అక్కడే ఉంది.

రెండు వైకల్యాలుంటే శాతాలను నేరుగా కూడరు. చిన్న శాతాన్ని, 90లోంచి పెద్ద శాతం తీసేయగా మిగిలినదానితో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కుడి కన్ను బాగుండి, అద్దాలు పెట్టుకున్నా ఎడమ కంటి చూపు 6/60 కన్నా తక్కువగా 3/60 వరకు ఉంటే 20 శాతం. అప్పుడు 20ని 60తో గుణించి 90తో భాగిస్తే 13.33. దాన్ని 30కి కలిపితే 43.33. గీత దాటినట్టే. అదే ఎడమ కంటి చూపు 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 10 శాతమే, మొత్తం 36.67 దగ్గర ఆగుతుంది. అలాంటప్పుడు చేతి పట్టు, మూత్రం ఆపుకోలేకపోవడం వంటివి కూడా పరీక్షించి రాయించుకోవాలి. సిగ్గుపడి మూత్రం సమస్య దాచుకునేవారు చాలామంది ఉంటారు. దయచేసి దాచకండి.

బోర్డు ముందుకు వెళ్లేలోపు న్యూరాలజిస్టు దగ్గర వివరమైన ఉత్తరం తీసుకోండి. ‘ఎంఎస్ కేసు, చికిత్సలో ఉన్నారు’ అన్న ఒక్క వాక్యం ఎందుకూ పనికిరాదు. జబ్బు ఏ రకం, ఎన్ని అటాక్‌లు (లక్షణాలు ఒక్కసారిగా ముదరడం) ఏ తేదీల్లో వచ్చాయి, ఒక్కోదాని తర్వాత ఏం మిగిలిపోయింది, ఈడీఎస్ఎస్ స్కోరు ఎంత, ఆగకుండా ఎన్ని మీటర్లు నడవగలరు, ఇవన్నీ అందులో ఉండాలి. ఈడీఎస్ఎస్ అంటే ఎంఎస్ వల్ల వైకల్యం ఎంత ఉందో చెప్పే, 0 నుంచి 10 దాకా ఉండే కొలత. 4 అంటే ఆసరా లేకుండా సుమారు 500 మీటర్లు నడవగలరని, 6 అంటే 100 మీటర్లకే చేతికర్ర కావాలని అర్థం. బోర్డు గదిలో మీరు నడిచేది పది అడుగులే. మూడు వందల మీటర్ల తర్వాత కాలు ఈడ్చుకుపోతుందన్నది ఆ గదిలో కనబడదు, కాగితమే చెప్పాలి. వేడికి లక్షణాలు పెరగడం ఎంఎస్ స్వభావం, అదీ రాయించండి. ఎంఆర్ఐ రిపోర్టులు, కంటి నరానికి చేసే వీఈపీ పరీక్ష, కంటి డాక్టరు రాసిన చూపు కొలత, స్టెరాయిడ్ ఎక్కించినప్పటి డిశ్చార్జ్ సమ్మరీలు తేదీల వరుసలో పెట్టుకోండి. అటాక్ నడుస్తుండగా వెళ్తే తాత్కాలిక సర్టిఫికెట్ వచ్చే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ కోర్సు అయ్యి, మిగిలే లోపమేదో తేలాక వెళ్లడం మేలు.

చట్టం ఇచ్చిన దారులు రెండు. శాతం తప్పనిపిస్తే సెక్షన్ 59 కింద రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి అప్పీలు చేయవచ్చు. అందులో ‘కన్ను పరీక్షించలేదు, న్యూరాలజిస్టు అభిప్రాయం తీసుకోలేదు’ అని సూటిగా రాయండి, ‘నాకు అన్యాయం జరిగింది’ అని ఊరుకోవద్దు. పరిస్థితి ఆ తర్వాత మారిందంటే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో తిరిగి దరఖాస్తు చేసుకోండి. మీరుండే జిల్లాలోనే కాదు, చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా పరీక్ష కోరవచ్చు. న్యూరాలజీ విభాగం ఉన్న బోధనాసుపత్రిలో మీ కార్డు ఉంటే అదే ఎంచుకోండి. ఒకసారి ఇచ్చిన ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. శాతం పెంచిస్తామంటూ ఆసుపత్రి దగ్గర తిరిగే దళారుల మాట వినకండి. మోసంతో ప్రయోజనం పొందితే సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

బడి సంగతి ఇప్పుడే మొదలుపెట్టండి, 40 శాతం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హెచ్‌ఎం ద్వారా డీఈఓకు రాతపూర్వకంగా అడగండి: కింది అంతస్తులో తరగతి, ఎక్కువ పీరియడ్లు ఉదయం పూట, కూర్చుని బోధించే వీలు, మరుగుదొడ్డికి దగ్గర గది, ఇంటికి దగ్గర్లో పోస్టింగ్. అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. జవాబు రాకపోతే శాఖలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు వెళ్లండి. కమిషనర్ సిఫారసు చేస్తే తీసుకున్న చర్యను శాఖ మూడు నెలల్లో తెలపాలి.

40 శాతం లేదా అంతకు మించి ఉంటే పాత పన్ను విధానంలో ఇన్నాళ్లూ సెక్షన్ 80యూగా తెలిసిన 75,000 రూపాయల మినహాయింపు, 80 లేదా అంతకు మించి ఉంటే 1,25,000. కొత్త విధానం ఎంచుకుంటే ఇది ఉండదు. ఒక హెచ్చరిక: ఉద్యోగ రిజర్వేషన్ చెప్పే సెక్షన్ 34లో ఎంఎస్ పేరు విడిగా లేదు. పదోన్నతిలో దాన్ని కోరాలంటే పత్రంలో కదలికల వైకల్యం స్పష్టంగా ఉండాలి. అందుకే ధ్రువపత్రం చేతికి రాగానే శాతంతో పాటు వైకల్యం రకం ఏం రాశారో కూడా అక్కడే చదువుకోండి.

సామాజిక పింఛను ప్రభుత్వోద్యోగికి రాదు. ఆదాయం లేని ఎంఎస్ బాధితులు మాత్రం 40 శాతంతో అడగాలి: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023 జులై నుంచి 4,016 రూపాయలు.

జబ్బు బయటపడక ముందు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (తీవ్రమైన జబ్బులకు ఇచ్చే బీమా) ఏదైనా తీసుకున్నారా? ఇంట్లో వెతకండి. ఈ పాలసీల్లో ఎంఎస్ సాధారణంగా ఉంటుంది. ఎంఆర్ఐ ఆధారంతో పాటు, కదలిక లేదా స్పర్శ లోపం కనీసం ఆరు నెలలు వరుసగా ఉన్నట్టు డాక్టరు రాయాలి. ‘ఆరు నెలలు’ అన్న ఆ ముక్క లేకపోతే క్లెయిము తిరిగి రావచ్చు. న్యూరాలజిస్టు ఉత్తరంలో దాన్నీ చేర్పించుకోండి.