తామరకీ కలువకీ చుట్టరికం కలపకు

శ్రీకాకుళం

చి. సుధకు ఆశీస్సులు.

ప్రాజెక్టుకి తామరనీ కలువనీ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ ఒకే చెరువులో ఉన్నంత మాత్రాన అవి చుట్టాలు కావు. మొక్కల వర్గీకరణకి ఆద్యుడైన లిన్నేయసే పొరబడి 1753లో రెండింటినీ నింఫియా అనే ఒకే ప్రజాతిలో వేశాడు. ఇప్పటి వర్గీకరణలో కలువ, పూలమొక్కల వంశంలో అందరికంటే ముందు విడిపోయిన శాఖల్లోది. తామరకి దగ్గర బంధువులు చినార్ చెట్టూ, గింజలు తినే మకడేమియా చెట్టూను!

పొద్దున్న ఎనిమిదిలోపే వెళ్లు. రాత్రి పూసే కలువ ఎండెక్కితే ముడుచుకుంటుంది. ఒండ్రులోకి ఒక్కదానివీ దిగకమ్మా.

ఆకు నీటిమీద తేలుతోందని కలువ అనుకోకు, లేత తామరాకూ తేలుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. కలువాకుకి అంచు నుంచి కాడదాకా చీలిక ఉంటుంది. తామరాకుకి చీలిక ఉండదు, కాడ నడిమధ్యన అతుక్కుంటుంది. ఆ కాడని విరిచి మెల్లగా లాగు, సన్నటి దారాలు సాగుతాయి. నీళ్లు మోసే దారునాళాల గోడల్లో మెలి తిరిగి ఉన్న పోగులే అవి.

అసలు పని పువ్వు మధ్యలో ఉంది. కొత్త బ్లేడుతో నిలువునా ఒక్క కోత కొయ్యి. మొద్దు బ్లేడైతే అంతా నలిగిపోతుంది. తామరలో పసుపుపచ్చ దిమ్మ, దాని గుంటల్లో విడివిడిగా ఫలదళాలు, అంటే అండాలుండే ఆడ భాగాలు. కలువలో ఫలదళాలన్నీ కలిసిపోయి గిన్నెలా ఉంటాయి, లోపల బోలెడు అండాలు. ఆ కలువ రేకుల్నీ కేసరాల్నీ బయట నుంచి లోపలికి వరసగా పీకి తెల్లకాగితం మీద పేర్చు. రేకు సన్నబడుతూ సన్నబడుతూ కేసరమైపోతుంది, గీత ఎక్కడ గియ్యాలో తేలదు. నా మాట విని ఆ వరసని ఫొటో తియ్యి, వంద మాటల వివరణ కంటే అదే నయం. తామరలో ఈ తికమక లేదు: రేకు రేకే, కేసరం కేసరమే, కేసరం కొసన చిన్న తెల్లని మొన.

పుప్పొడికి సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క వేసి మైక్రోస్కోపులో 400 రెట్లలో చూడు. తామర రేణువు పైన మూడు గాళ్లు (పొడుగాటి గాడులు), నిజ ద్విదళబీజాలనే (యూడైకాట్స్) పూలమొక్కల పెద్ద శాఖకి అది గుర్తు. కలువ రేణువుకి ఒక్కటే, చుట్టూ వలయంలా. మూడూ కనబడకపోతే కవర్‌స్లిప్‌ని సూదితో కాస్త కదుపు, రేణువు దొర్లుతుంది.

కలువని గట్టుమీదే ప్రెస్‌లో, అంటే మొక్కల్ని కాగితాల మధ్య అదిమి ఆరబెట్టే చట్రంలో, పెట్టెయ్యి. కాడలు లావు కాబట్టి నిలువునా చీల్చు, మొదటి వారం రోజూ కాగితాలు మార్చు. లేకపోతే బూజు పడుతుంది.

పెదనాన్న