చిన్న మాటకే నొచ్చుకునే పిల్లలకే చావు ఆలోచనలు వస్తాయా?

"మావాడు బీటెక్‌కి బెంగళూరు వెళ్తున్నాడు. చిన్న మాటకే ముడుచుకుపోతాడు. ఇలాంటివాళ్లే అఘాయిత్యం చేసుకుంటారని చుట్టాలు భయపెడుతున్నారు, నిజమేనా?" అని అడిగారు కదమ్మా. నేను డాక్టర్ని కాదు. 2017లో మారతహళ్లిలోని ఒక పీజీలో ఆ ఆలోచనలతోనే 6 నెలలు గడిపినవాణ్ణి.

అప్పట్లో నన్ను చూస్తే మీకు ఏ అనుమానమూ వచ్చేది కాదు. ఊళ్లో నాకున్న పేరు 'నోట్లో నాలుక లేని పిల్లాడు'. 98 మార్కులొస్తే పోయిన రెండింటి గురించే రాత్రంతా నెమరేసుకునేవాణ్ణి. దాన్ని శ్రద్ధ అనుకుని అందరూ మెచ్చుకునేవారు. మూడో సెమిస్టర్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి. ఇంట్లో చెప్పలేదు. ఫీజు కోసం అమ్మ గాజులు బ్యాంకులో కుదువ పెట్టారని తెలుసు. నేను లేకపోతే వీళ్లకి ఖర్చైనా తగ్గుతుంది అన్న లెక్క ఒకటి బుర్రలో కూర్చుంది. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ, మూడు రాత్రులు నిద్ర లేనివాడికి అది తిరుగులేని లెక్కలాగే ఉంటుంది.

నా రూమ్మేట్‌ది ప్రొద్దుటూరు. నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. ఇట్టే ఉడికిపోయి, ఏదో ఒకటి చేసేస్తానంటాడు, గంటకల్లా చల్లబడతాడు. అదీ ప్రమాదమే. దుడుకు స్వభావం ఉన్నవాళ్లకి ఆ గంటే గండం, అప్పుడు పక్కన మనిషి ఉండాలి. కానీ ఆ రోజు నా పక్కన ఉన్నది వాడే. "రేయ్, నిజం చెప్పు, సచ్చిపోవాలనిపిస్తాందా?" అని మొహమ్మీదే అడిగేశాడు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. పుట్టదమ్మా. నాకైతే గుండె మీద బండ దించినట్టైంది.

మర్నాడు వాడే బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకెళ్లాడు. అక్కడ అవును, కాదు అని గుర్తు పెట్టమని 20 వాక్యాల కాగితం ఒకటి ఇచ్చారు. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1974లో తయారుచేసిన కొలత అట. అది కొలిచేది దిగులును కాదు, రేపటి మీద ఆశ పోవడాన్ని. నొచ్చుకునే గుణం ఒక్కటే మనిషిని అంతదాకా తీసుకుపోదని అక్కడే తెలిసింది. తన తప్పును తాను క్షమించుకోలేకపోవడం, అందరికీ భారమయ్యానన్న నమ్మకం, ఇక ఏదీ మారదన్న నిరాశ దానికి తోడైతేనే భయపడాలి.

కాబట్టి మీవాడు నొచ్చుకున్నాడని కాదు, నొచ్చుకున్నది చెప్పడం మానేశాడా అన్నది చూడండి. "నావల్ల మీకు కష్టం" లాంటి మాట వస్తే కొట్టిపారేయకుండా, సూటిగా అడగండి. చనిపోవాలనుందని అంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 2022 నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది: 14416, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నా రోజుల్లో అది లేదు.

మా అమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు "రాత్రి పడుకున్నావా?" అనే అడుగుతుంది. మొన్న క్రికెట్ చూస్తూ పడుకోలేదన్నాను. బాగా తిట్టింది.