కుక్క కాలికి కాన్యులా (డ్రిప్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) ఉంచి ఇంటికి పంపారు, ఇప్పుడు కాలు వాచింది. రేపటిదాకా ఆగొచ్చా?

ఆగొద్దు. ముందు ఆ ఒక్క మాట చెప్పేసి, తర్వాత నా సోది మొదలుపెడతాను.

మీ లాబ్రడార్‌కి మూడో రోజు డ్రిప్ పెట్టి కాన్యులా అలాగే ఉంచి పంపారని, రాత్రికి కాలు వాచిందని, క్లినిక్ పొద్దున పదింటికి గానీ తెరవరని రాశారు. వాపు ఎక్కడుందో మాత్రం రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. ప్లాస్టర్‌కి కింద, వేళ్ళ వైపు వాచిందా? అయితే ప్లాస్టర్ బిగిసింది. గోళ్ళ వైపు నుంచి చూడండి, నడిమి రెండు గోళ్ళూ ఎడంగా విచ్చుకుని ఉంటాయి, వేళ్ళు చల్లగా తగులుతాయి. పొద్దున పది కాదు, ఇప్పుడే ఆ చుట్టు వదులు చేయండి. ప్లాస్టర్‌కి పైన, మోచేతి వైపు వాచిందా? అయితే నరం అవుట్ అయింది, అంటే గొట్టం నరంలోంచి బయటికి వచ్చేసి మందు చర్మం కిందికి పోతోంది. ఇక ఆ లైన్‌లో ఒక్క చుక్క కూడా ఎక్కించకూడదు.

బయటికి పోయింది ఉత్త సెలైనో, ఆర్ఎల్లో (రింగర్ లాక్టేట్, అదీ ఉప్పునీటి డ్రిప్పే) అయితే కంగారు పడకండి, దానంతటదే ఇంకిపోతుంది. పశువుల డాక్టర్లే ఒక్కోసారి కావాలని చర్మం కింద ఎక్కిస్తారు. కాల్షియం, 50 శాతం డెక్స్‌ట్రోజ్ (చిక్కటి గ్లూకోజ్) లాంటివి పోతే మాత్రం మాట వేరు. వీధికుక్కల మర్మాంగాల దగ్గర వచ్చే గడ్డలకి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తారే, అది చుక్క బయటికి పోయినా అక్కడి కండ కుళ్ళి ఊడిపోతుంది. అందుకే ఏం మందు ఎక్కించారో డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. రాత్రి పదకొండైనా సరే, తిడితే తిట్టనివ్వండి.

నేను పశువుల డాక్టర్ని కాదు. 31 ఏళ్ళు మనుషుల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది నెల్లూరు, కాపురం చెన్నైలో, పెరంబూరు. నేను పెట్టిన కాన్యులాలకి లెక్కలేదు. ఆ పొగరుతోనే మా చిట్టి విషయంలో దెబ్బతిన్నాను.

చిట్టి వీధి నుంచి తెచ్చుకున్న కుక్క, పద్నాలుగు కిలోలు. 2023 డిసెంబరు 1, శుక్రవారం. పిడుదుల జ్వరం, తిండి లేదు, వాంతులు. కుడి ముందుకాలికి నీలం రంగు కాన్యులా, అంటే 22 గేజ్, పెట్టి డ్రిప్ ఎక్కించారు. శనివారం కూడా ఎక్కించి, సోమవారం రమ్మని అలాగే పంపేశారు. ఆ సోమవారం ఎలాంటిదో చెన్నైలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిచౌంగ్ తుపాను. విమానాశ్రయమే మూసేశారు, ఇక ఆటో ఎక్కడ దొరుకుతుంది? మామూలు రోజుల్లోనే కుక్క అనగానే మన ఆటోవాళ్ళు మీటరు కాదు, మొహమే తిప్పేస్తారు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. మంగళవారం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందట. నెల్లూరులో మా తమ్ముడు ఎలా ఉన్నాడో అని నేను, కాలు నాకుతూ చిట్టి, కొవ్వొత్తి దగ్గర కూర్చున్నాం.

ఆ నాకడాన్ని నేను పట్టించుకోలేదు. ప్లాస్టర్ చిరాకేమో అనుకున్నాను. వార్డులో ఒక పేషెంటు 'సిస్టర్, చెయ్యి మంటగా ఉంది' అంటే ఇరవై అడుగుల దూరం నుంచి పరిగెత్తేదాన్ని. నోరులేని జీవి అదే మాట నాలుకతో చెబుతుంటే అర్థం కాలేదు. సోమవారం సాయంత్రం నుంచి మంగళవారం మధ్యాహ్నం దాకా అలా పోగొట్టాను.

చివరికి విప్పాను. కొసలకి కొబ్బరినూనె రాసి, కత్తెర కాన్యులాకి దూరంగా పెట్టి. లోపలి గాజ్ వానకీ ఎంగిలికీ నాని ముద్దయింది, వాసన వచ్చింది. సూది దిగిన చోట చీము బొట్టు. అక్కణ్ణించి మోచేతి దాకా నరం నులకతాడులా గట్టిపడి, చేత్తో తాకితే వేడి. వాపు పెద్దగా లేదు, అదే మోసం. మనిషి ముంజేతిలో కొంచెం మందు బయటికి పోయినా బుడగలా లేస్తుంది. కుక్క చర్మం వదులు, చాలా దాచేస్తుంది. చూసి చెప్పడం కుదరదు, తడమాలి.

మా ఆయన ఒకటే పాట, 'డాక్టరు పెట్టింది డాక్టరే తీయాలి' అని. మామూలుగా ఆయన మాటే నిజం, మీరూ తీయకండి. కానీ చీము పట్టిన గొట్టాన్ని నరంలో ఉంచి వరద తగ్గేదాకా ఎదురుచూడలేను కదా. తీశాను. తీయగానే ప్లాస్టిక్ గొట్టం కొస దాకా పూర్తిగా ఉందా అని కొవ్వొత్తి వెలుగులో చూశాను. కుక్కలు కొరుకుతాయి. ముక్క తెగి నరంలో ఉండిపోతే గుండెకో ఊపిరితిత్తులకో పోతుంది. అలా తెగిందని అనుమానం వస్తే తెగిన చోటికి పైన గుడ్డతో బిగించి కట్టి, అదే ఊపున డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మాది పూర్తిగానే ఉంది.

తర్వాత జరిగింది నా తెలివితక్కువ. అలవాటుగా దూదితో రెండు నిమిషాలు నొక్కి వదిలేశాను. నేలంతా నెత్తురు. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయని నాకు తెలుసు, శనివారం రిపోర్టులో 38 వేలని నా కళ్ళతో చదివాను కూడా. చదివినది చేతికి అందలేదు. మళ్ళీ నొక్కి, గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు పట్టుకుంటే ఆగింది. ఆ తర్వాత గోరువెచ్చని కాపడం, రోజుకి నాలుగుసార్లు. పక్కింటావిడ మంచి మనసుతోనే నొప్పి బిళ్ళ తెచ్చింది. వద్దన్నాను. మన ఇళ్ళల్లో ఉండే నొప్పి బిళ్ళలు కుక్కలకి పడవు, పారాసెటమాల్ అయితే పిల్లుల ప్రాణమే తీస్తుంది. గురువారానికి నీళ్ళు తీశాయి. డాక్టరు చూసి ఎడమ కాలికి కొత్తది పెట్టి, యాంటీబయాటిక్ మార్చారు. ఆ నరం మెత్తబడటానికి వారం పైన పట్టింది.

ఇప్పుడు నా అసలు బాధ. మా రోజుల్లో 72 గంటలకి కాన్యులా మార్చాలని రూలు, ప్లాస్టర్ మీద తేదీ రాయకపోతే మేట్రన్ చేతిలో అయిపోయేవాళ్ళం. ఇప్పుడు గడువు అక్కర్లేదు, తేడా కనిపిస్తే మార్చితే చాలంటున్నారు. సరే, ఒప్పుకుంటాను. కానీ తేడా కనిపించాలంటే విప్పి చూడాలి కదా! ఏ క్లినిక్‌లో చూసినా మూర పొడవున ప్లాస్టర్ చుట్టేస్తారు, తేదీ ఉండదు, ఇంట్లో ఏం చూడాలో ఒక్క ముక్క చెప్పరు. మూడు వందలు తీసుకుని మెడకి కోన్ అమ్ముతారు, అది కాలు నాకకుండా, కొరక్కుండా అని కూడా చెప్పరు. రెండో రోజు లైన్ మొరాయిస్తే సిరంజితో బలంగా తోస్తారు. గడ్డ కట్టి మూసుకుపోయిన దాన్ని తోస్తే ఆ గడ్డ ఎక్కడికి పోతుంది, లోపలికే కదా? మెల్లగా సెలైన్ ఎక్కించి చూడాలి, పోకపోతే తీసేయాలి. కుక్క కదా, దానికేం తెలుస్తుందిలే అన్న ధోరణి తప్ప ఇంకేమీ కాదు ఇది.

ఇప్పుడు చిట్టిని తీసుకెళ్తే నా సంచిలో నల్ల స్కెచ్ పెన్ ఉంటుంది. కాన్యులా పెట్టగానే ప్లాస్టర్ మీద తేదీ, టైము నేనే రాస్తాను. మొదట్లో అక్కడి కాంపౌండరు కుర్రాడు 'సిస్టరమ్మా, మీ కుక్కకి చదువొచ్చా?' అని నవ్వాడు. పోయిన నెల వెళ్తే నా ముందున్న పిల్లికి ప్లాస్టర్ వేసి, చెయ్యి చాచి పెన్ను అడిగాడు.

ఇంతకీ మీ లాబ్‌కి పెట్టింది ముందుకాలికా, వెనకకాలికా? వెనకకాలైతే, విరేచనాలు కూడా అవుతుంటే, ప్లాస్టర్ తడిసిందేమో చూడండి. వేళ్ళ ఫోటో గోళ్ళ వైపు నుంచి తీసి పెట్టండి, నేను మెలకువగానే ఉంటాను.